సాంబ మసూరిలో మూడు జన్యువులు, వాటికి సాఫ్ట్‌వేర్ పెట్టే పేర్లు

ఆర్‌ఎన్‌ఏ సీక్వెన్సింగ్ (నమూనాలోని ఆర్‌ఎన్‌ఏ అక్షరాలని యంత్రంతో చదివించడం) చేయించుకున్న వాళ్ల చేతికి చివర్లో ఒక పెద్ద ఎక్సెల్ ఫైల్ వస్తుంది. ఒక్కో వరసలో ఒక ట్రాన్స్‌క్రిప్ట్, పక్కన దాని పొడవు, ఏ నమూనాలో ఎంత ఎక్కువగా కనపడింది అన్న అంకెలు, ఇంకా పక్కకి వెళ్తే "డిస్క్రిప్షన్" అని ఒక కాలమ్. అందరూ ముందు చదివేది ఆ కాలమే. కైనేజ్ అని ఉందా, ట్రాన్స్‌పోర్టర్ అని ఉందా, ఒత్తిడిని తట్టుకునే ప్రొటీన్ అని ఉందా అని వెతికి, నచ్చిన నాలుగు ఏరుకుని, వాటి చుట్టూ థీసిస్ కట్టేస్తారు. ఆ కాలమ్‌లో మాటలు ఎవరు రాశారు, ఏ ఆధారంతో రాశారు అని అడిగే వాళ్లు చాలా తక్కువ. నేను పంటల ట్రాన్స్‌క్రిప్ట్‌లతో పని చేస్తాను కాబట్టి ఈ ఫైల్ నాకు రోజూ కనపడుతుంది, ఈ విషయం మీద తెలుగులో ఒకసారి వివరంగా రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

ముందు క్లుప్తంగా అసలు సంగతి. కణం తన డీఎన్‌ఏలోని జన్యువు నుంచి తీసుకునే నకలు ట్రాన్స్‌క్రిప్ట్. అందులో చాలావాటి నుంచి ప్రొటీన్ తయారవుతుంది, కొన్ని ఆర్‌ఎన్‌ఏగానే ఉండిపోయి పని చేస్తాయి. యంత్రం మనకిచ్చేది 150 అక్షరాల దగ్గర ఉండే చిన్న చిన్న ముక్కలు. జీనోమ్ (మొత్తం డీఎన్‌ఏ సీక్వెన్స్) ఇంకా ఎవరూ చదవని మొక్క అయితే ట్రినిటీ లాంటి ప్రోగ్రాం (2011లో వచ్చింది, ఇప్పటికీ అందరూ వాడుతున్నారు) ఆ ముక్కలన్నీ అతికించి లక్షల్లో ట్రాన్స్‌క్రిప్ట్‌లు ఇస్తుంది. తర్వాత ట్రాన్స్‌డీకోడర్ వాటిలో ప్రొటీన్ రాసే భాగం ఎక్కడుందో వెతుకుతుంది. ఆ తర్వాత అసలు పని: ఆ ప్రొటీన్‌ని స్విస్‌ప్రాట్ అనే ప్రొటీన్ల డేటాబేస్‌లో ఉన్నవాటితో బ్లాస్ట్ (సీక్వెన్స్‌లని పోల్చే ప్రోగ్రాం) చేసి దగ్గరి పోలిక వెతకడం, పీఫామ్ అనే డేటాబేస్‌లో ఉన్న ప్రొటీన్ కుటుంబాల నమూనాలతో హెచ్‌ఎంఎమ్ఈఆర్ అనే ప్రోగ్రాం ద్వారా పోల్చడం, కణపొరలో దిగే భాగాలున్నాయా, కణం బయటికి పంపే సంకేతం ఉందా అని చూడటం, ఇవన్నీ ఒక్క పట్టికలో కలపడం. ట్రినోటేట్ అనే సాఫ్ట్‌వేర్ చేసేది సరిగ్గా ఇదే. బ్లాస్ట్2జీఓ, ఇంటర్‌ప్రోస్కాన్, ఎగ్‌నాగ్ మ్యాపర్, ఏహెచ్‌ఆర్‌డీ, అన్నీ కాస్త అటూ ఇటూగా ఇదే ఆలోచన మీద నడుస్తాయి: పోలిక ఉంటే చుట్టరికం ఉంది, చుట్టరికం ఉంటే పని కూడా అదే అయ్యుంటుంది.

ఈ ఆలోచనలో తప్పు లేదు, ఇది లేకపోతే మేమెవరం ఒక్క అడుగు కూడా వేయలేం. కానీ పోలిక వల్ల మనకి తెలిసేది ఇంటిపేరు. కరణం అని ఇంటిపేరున్న మనిషి కనపడితే ఆయన ఊరి లెక్కలు రాస్తాడని అనుకోం కదా, ఆయన తాతముత్తాతల్లో ఎవరో రాసి ఉంటారని అనుకుంటాం, అంతే. జన్యువుల విషయంలో మాత్రం ఇంటిపేరు చూసి వృత్తి రాసేస్తున్నాం.

దీనికి నాకు తెలిసిన అన్నిటికన్నా మంచి ఉదాహరణ మన కంచంలోనే ఉంది. బాపట్లలో పుట్టిన బీపీటీ 5204, అదే సాంబ మసూరి, 1986లో విడుదలైంది. తినడానికి అంత బాగుంటుంది గానీ ఎండాకు తెగులుకి తొందరగా లొంగిపోతుంది. జాంథోమోనాస్ ఒరైజే అనే బ్యాక్టీరియా వల్ల వచ్చే తెగులు అది, ఆకు అంచుల నుంచి ఎండుతూ లోపలికి వస్తుంది. హైదరాబాద్‌లోని సీసీఎంబీ, రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంస్థ కలిసి ఈ రకంలోకి మార్కర్ల (జన్యువు వచ్చిందో లేదో చూపే డీఎన్‌ఏ గుర్తుల) సాయంతో మూడు జన్యువులు తెచ్చి పెట్టాయి: ఎక్స్‌ఏ21, ఎక్స్‌ఏ13, ఎక్స్‌ఏ5. 2008లో అది ఇంప్రూవ్డ్ సాంబ మసూరిగా బయటికొచ్చింది. ఆ మూడు జన్యువుల ట్రాన్స్‌క్రిప్ట్‌లని, ఏమీ తెలియనట్టుగా, సాఫ్ట్‌వేర్‌కి ఇస్తే ఏం చెప్తుంది అన్నది ఆలోచించి చూడాల్సిన ప్రశ్న.

ఎక్స్‌ఏ13తో మొదలుపెడతాను, ఎందుకంటే దీని కథే అన్నిటికంటే పెద్దది. వరి జీనోమ్ పాత పట్టికల్లో ఈ జన్యువుకి ఎదురుగా "నాడ్యులిన్ ఎమ్‌టీఎన్3 ఫ్యామిలీ ప్రొటీన్, పుటేటివ్" అని ఉండేది. నాడ్యులిన్ అంటే వేరు బుడిపెల్లో కనపడే ప్రొటీన్. వరికి వేరు బుడిపెలు ఎక్కడివి? అవి కంది, పెసర, శనగ లాంటి పప్పు జాతి మొక్కలకి ఉంటాయి. జరిగింది ఏంటంటే, 1990లలో లూసర్న్ గడ్డికి దగ్గరి చుట్టమైన మెడికాగో ట్రంకటూలా అనే మొక్క బుడిపెల్లో ఎక్కువగా కనపడిన కొన్ని ట్రాన్స్‌క్రిప్ట్‌లకి వరసగా ఎమ్‌టీఎన్1, ఎమ్‌టీఎన్2, ఎమ్‌టీఎన్3 అని నంబర్లు ఇచ్చారు. ఆ మూడో నంబరు ప్రొటీన్ లాంటిదే వరిలో, గోధుమలో, అరాబిడాప్సిస్ అనే ప్రయోగశాల మొక్కలో, ఎక్కడ కనపడినా సాఫ్ట్‌వేర్ దానికి ఆ పేరే అంటిస్తూ పోయింది. ఇంకో వైపు ఈగలో ఈ కుటుంబానికి చెందిన జన్యువుకి "సలైవా" అని పేరుంది కాబట్టి పీఫామ్‌లో ఈ కుటుంబం చాలాకాలం "ఎమ్‌టీఎన్3/సలైవా" అనే పేరుతో ఉంది. మనిషిలో ఉన్న ఒకే ఒక్క చుట్టానికి ఆర్‌ఏజీ1ని ప్రేరేపించే ప్రొటీన్ అని రోగనిరోధక వ్యవస్థకి సంబంధించిన పేరు. బుడిపె, లాలాజలం, రోగనిరోధకత: ఒకే కుటుంబానికి మూడు పేర్లు, మూడూ ఎవరు ఎక్కడ మొదట చూశారో చెప్పేవే గానీ అది ఏం చేస్తుందో ఒక్కటీ చెప్పదు.

ఏం చేస్తుందో 2010లో తెలిసింది. స్టాన్‌ఫర్డ్ ఆవరణలో ఉన్న కార్నెగీ సంస్థలో ఫ్రోమర్ బృందం, పని తెలియని మొక్కల కణపొర ప్రొటీన్లని తీసుకుని, ల్యాబ్‌లో పెంచే మనిషి కిడ్నీ కణాల్లో పెట్టి, లోపల గ్లూకోజ్ మారితే వెలుగు మారే సెన్సర్‌తో చూసింది. ఈ కుటుంబం చక్కెరని కణపొర దాటించే కుటుంబమని తేలింది. అప్పటి నుంచి వీటికి స్వీట్ జన్యువులని పేరు, వరిలో 21, అరాబిడాప్సిస్‌లో 17, మనిషిలో 1. ఎక్స్‌ఏ13 అంటే వరిలోని స్వీట్11. బ్యాక్టీరియా తన ప్రొటీన్ ఒకటి మొక్క కణంలోకి ఎక్కిస్తుంది, అది ఈ జన్యువు ముందున్న స్విచ్ భాగానికి అతుక్కుని దాన్ని బలవంతంగా ఆన్ చేస్తుంది, చక్కెర కణం బయటికి వస్తుంది, బ్యాక్టీరియా తింటుంది. నిరోధం ఉన్న మొక్కల్లో ఆ స్విచ్ భాగం మారిపోయి ఉంటుంది, బ్యాక్టీరియా ప్రొటీన్‌కి పట్టు దొరకదు. జన్యువు మాత్రం చెక్కుచెదరకుండా ఉంటుంది, ఎందుకంటే పుప్పొడి తయారవ్వాలన్నా గింజ నిండాలన్నా అది కావాలి.

ఇక్కడ కాసేపు ఆగి ఆలోచించాలి. తెగులు సంగతి అంతా స్విచ్ భాగంలో ఉంది. ఆ స్విచ్ భాగం ట్రాన్స్‌క్రిప్ట్‌లో ఉండదు, ప్రొటీన్‌లో అసలే ఉండదు. అంటే ప్రపంచంలోని అత్యుత్తమ ప్రిడిక్షన్ సాఫ్ట్‌వేర్‌కి ఈ ట్రాన్స్‌క్రిప్ట్ ఇచ్చినా, రేపు రాబోయే సాఫ్ట్‌వేర్‌కి ఇచ్చినా, తెగులు గురించి చెప్పడానికి ఆ సీక్వెన్స్‌లో ఏమీ లేదు. చక్కెర రవాణా అని సరిగ్గా చెప్పగలిగితే అదే గొప్ప.

ఎక్స్‌ఏ5 పరిస్థితి వేరు. అది టీఎఫ్ టూ ఏ అనే ప్రొటీన్ సముదాయంలో గామా భాగం, ఏ జన్యువునైనా చదవడం మొదలుపెట్టేటప్పుడు కావాల్సిన సాధారణ పరికరం. సాఫ్ట్‌వేర్ దీన్ని ఇట్టే పట్టుకుంటుంది, నూటికి నూరు శాతం సరిగ్గా చెప్తుంది. తెగులుని తట్టుకునే రకంలో ఉన్న తేడా ఒకే ఒక్క అమైనో ఆమ్లం, 39వ స్థానంలో వాలీన్‌కి బదులు గ్లుటామిక్ ఆమ్లం. తట్టుకునే రకానికీ లొంగిపోయే రకానికీ డిస్క్రిప్షన్ కాలమ్‌లో ఒకే మాట ఉంటుంది. అలాంటి "ట్రాన్స్‌క్రిప్షన్ మొదలుపెట్టే అంశం" అన్న వరసని తెగుళ్ల మీద పని చేసే ఏ విద్యార్థీ రెండోసారి చూడడు, ఫిల్టర్‌లో తీసేస్తాడు.

ఎక్స్‌ఏ21 కథ ఈ రెండింటి మధ్యలో ఉంది. 1995లో పమేలా రోనాల్డ్ ల్యాబ్ దాన్ని వేరు చేసింది. కణపొరలో ఉండి బయటి సంకేతాన్ని పసిగట్టే రిసెప్టర్ కైనేజ్ అది, సాఫ్ట్‌వేర్ కూడా అంతవరకూ ధైర్యంగా చెప్తుంది. కానీ వరిలో ఇలాంటి రిసెప్టర్ కైనేజ్‌లు వందల్లో ఉన్నాయి. ఏది ఏ సంకేతాన్ని పసిగడుతుంది అన్నదే అసలు ప్రశ్న. ఎక్స్‌ఏ21 గుర్తుపట్టే బ్యాక్టీరియా అణువు, రాక్స్‌ఎక్స్, 2015లో గానీ దొరకలేదు. జన్యువు దొరికిన 20 ఏళ్లకి.

ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు నాకు అనిపించేది ఇదే: ఈ సాఫ్ట్‌వేర్‌లు చెప్పేదాన్ని "పని" అని పిలవడంలోనే తికమక ఉంది. అణువు స్థాయిలో ఏ రకం పని చేయగలదు అన్నది అవి చాలావరకు బాగానే చెప్తాయి. మొక్క బతుకులో దాని పాత్ర ఏంటన్నది వేరే ప్రశ్న. జీన్ ఆంటాలజీ (జన్యువుల పనులని అందరూ ఒకే రకం మాటల్లో రాసే పద్ధతి) వాళ్లు ఈ తేడాని మొదటి నుంచే గుర్తించారు. 1998లో ఈగ, ఎలుక, ఈస్ట్ డేటాబేస్‌ల వాళ్లు కలిసి మొదలుపెట్టిన ఈ పద్ధతిలో అణువు చేసే పని, అది పాల్గొనే ప్రక్రియ, కణంలో అది ఉండే చోటు అని మూడు వేరువేరు విభాగాలు పెట్టారు. ఇంకో గొప్ప పని కూడా చేశారు: ప్రతి మాట పక్కన అది ఎలా తెలిసిందో ఒక కోడ్. ప్రయోగం చేసి తెలుసుకుంటే ఐడీఏ, ఐఎమ్‌పీ లాంటివి. మనిషి చూడకుండా కంప్యూటర్ అంటించినదైతే ఐఈఏ. ఇవాళ డేటాబేస్‌లలో ఉన్న వాటిలో అత్యధిక భాగం ఐఈఏనే. మన ఎక్సెల్ ఫైల్‌లోకి వచ్చేసరికి మాత్రం ఆ కోడ్ ఎక్కడో రాలిపోతుంది, మాట ఒక్కటే మిగులుతుంది. నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇదే, ఎందుకంటే సమాచారం లేక కాదు, ఉన్న సమాచారాన్ని మనమే పారేసుకుంటున్నాం.

పారేసుకుంటే ఏమవుతుందో 2009లో ష్నోస్, బాబిట్ తదితరులు లెక్క కట్టి చూపించారు. ప్రయోగాల్లో బాగా తెలిసిన 37 ఎంజైమ్ కుటుంబాలు తీసుకుని నాలుగు పబ్లిక్ డేటాబేస్‌లలో వాటి పేర్లు ఎంతవరకు సరైనవో చూశారు. మనుషులు కూర్చుని సరిచూసే స్విస్‌ప్రాట్‌లో తప్పులు దాదాపు లేవు. మిగతా మూడింటిలో కొన్ని కుటుంబాల్లో 80 శాతం పైగా తప్పు పేర్లే. ఎక్కువ భాగం తప్పులు, ఉన్నదానికన్నా ఎక్కువ ఖచ్చితంగా చెప్పడం వల్ల వచ్చినవి: ఇంత పెద్ద కుటుంబంలో ఒకటి అని ఆగాల్సిన చోట, ఫలానా ఎంజైమే అని రాసేయడం. ఒకసారి అలా రాస్తే తర్వాతి జీనోమ్ దాన్నే చూసి కాపీ కొడుతుంది, దాని తర్వాతిది దీన్ని చూసి.

ఏహెచ్‌ఆర్‌డీ అనే సాఫ్ట్‌వేర్ అంటే నాకు అభిమానం ఉన్నది ఇందుకే. 2012లో వచ్చిన టమాటా జీనోమ్‌కి వాడింది ఇదే. మొదట దొరికిన పోలిక పేరుని ఉన్నదున్నట్టు ఎత్తి పెట్టదు. చాలా పోలికల పేర్లని మాటలుగా విడగొట్టి, ఏ మాట ఎక్కువసార్లు, ఎంత నమ్మదగ్గ డేటాబేస్ నుంచి వస్తుందో లెక్కేసి, "అన్‌నోన్", "హైపోథెటికల్" లాంటి పనికిరాని మాటలని పక్కనపెట్టి, చివరికి ఒక వాక్యం ఎంచుకుంటుంది, ఆ వాక్యం ఎంత నమ్మదగ్గదో కొన్ని నక్షత్రం గుర్తులతో పక్కనే చెప్తుంది. ఆ నక్షత్రాలని చూడండి, దయచేసి ఎక్సెల్‌లో ఆ కాలమ్‌ని దాచేయకండి.

ట్రాన్స్‌క్రిప్ట్ అన్న చోట ఇంకో చిక్కు ఉంది, దీని గురించి మాట్లాడేవాళ్లు మరీ తక్కువ. డేటాబేస్‌లలో పనులు ఎక్కువగా జన్యువు పేరు మీద ఉంటాయి, కానీ ఒకే జన్యువు నుంచి రెండు మూడు రకాల ట్రాన్స్‌క్రిప్ట్‌లు రావచ్చు. మనిషిలో బీసీఎల్-ఎక్స్ అనే జన్యువుంది. దాని పొడుగు రూపం కణం చావకుండా కాపాడుతుంది, పొట్టి రూపం చావు వైపు తోస్తుంది. 1993లోనే తెలిసిన సంగతి ఇది. రెండింటికీ బ్లాస్ట్‌లో ఒకే పేరు వస్తుంది. క్యాన్సర్ డేటాలో ఆ జన్యువు పెరిగింది అని రాస్తే దానికి అర్థమేంటి, ఏ రూపం పెరిగిందో చెప్పకుండా?

చిన్న ప్రొటీన్లదీ ఇలాంటి సంగతే. ట్రాన్స్‌డీకోడర్ మామూలు సెట్టింగ్‌లో 100 అమైనో ఆమ్లాల కన్నా చిన్నవాటిని వదిలేస్తుంది. అలా వదిలేయకపోతే చెత్త కుప్పలుగా వస్తుంది కాబట్టి ఆ హద్దు అవసరమే. కానీ డ్రోసోఫిలా ఈగలో ప్రొటీన్ ఇవ్వదని అనుకున్న ఒక ట్రాన్స్‌క్రిప్ట్ నుంచి 11 అమైనో ఆమ్లాలంత చిన్న పెప్టైడ్లు వస్తాయని 2007లో కనుక్కున్నారు. అవి లేకపోతే పిండం ఒంటి మీద ఉండాల్సిన ముళ్లలాంటి నిర్మాణాలు రాక నున్నగా తయారవుతుంది, అందుకే జపాన్ పరిశోధకులు దానికి పాలిష్డ్ రైస్ అని పేరు పెట్టారు. అలాంటివి మన మొక్కల పట్టికల్లో "నాన్ కోడింగ్" అన్న బుట్టలో ఎన్ని ఉన్నాయో.

మరి ఇప్పుడు డీప్ లెర్నింగ్ (ఉదాహరణలు చూసి కంప్యూటరే నేర్చుకునే పద్ధతి) వచ్చింది కదా అంటారు. వచ్చింది, మంచిదే. 2018లో డీప్‌జీఓ లాంటివి, ఆ తర్వాత కోట్ల ప్రొటీన్ సీక్వెన్స్‌లు చదివి నేర్చుకున్న భాషా మోడళ్లు. పేరు లేని ప్రొటీన్లకి పేర్లు పెట్టడానికి గూగుల్ తయారుచేసిన ప్రాట్‌ఎన్‌ఎల్‌ఎమ్‌ని యూనిప్రాట్ అనే ప్రొటీన్ల డేటాబేస్ 2022 నుంచి వాడుతోంది. బ్లాస్ట్‌కి అందని దూరపు చుట్టరికాలని ఇవి నిజంగానే పట్టుకుంటాయి. ఎవరిది ఎంత బాగుందో తేల్చడానికి కాఫా అనే పోటీ ఉంది, దాని పద్ధతి నాకు చాలా ఇష్టం: ముందు అందరూ తమ ఊహలు సమర్పిస్తారు, తర్వాత నెలల తరబడి ఆగుతారు, ఈలోగా ప్రయోగశాలల్లో కొత్తగా తేలిన పనులతో పోల్చి మార్కులు వేస్తారు. ఎవరూ జవాబు ముందే చూసే వీల్లేదు. మొదటి పోటీలో 54 పద్ధతులు, 866 ప్రొటీన్లు. ఫలితాలు 2013లో వచ్చాయి. 2023లో ఐదోది కాగుల్ అనే పోటీల వెబ్‌సైట్‌లో పెట్టారు, ఎవరైనా ల్యాప్‌టాప్‌తో పాల్గొనగలిగారు.

కానీ 2023లోనే వచ్చిన ఇంకో పేపర్ సంగతి కూడా చెప్పాలి. ఒక ట్రాన్స్‌ఫార్మర్ మోడల్ ఈకోలై బ్యాక్టీరియాలో పని తెలియని వందల ప్రొటీన్లకి ఎంజైమ్ పనులు ఊహించింది, పేరున్న జర్నల్‌లో అచ్చయింది. ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో దశాబ్దాలుగా ఈ బ్యాక్టీరియా జన్యువుల మీద పని చేస్తున్న వలెరీ డి క్రెసీ-లగార్డ్ ఆ ఫలితాల్లో వైసీఐఓ అనే జన్యువు పేరు చూశారు. దానికి టీఎస్‌ఏసీ అనే ఇంకో జన్యువు చేసే పనే అంటించారు. రెండూ దగ్గరి చుట్టాలు, నిజమే. కానీ టీఎస్‌ఏసీ లేకపోతే ఈకోలై బతకదు, పక్కన వైసీఐఓ ఉన్నా సరే, అంటే వైసీఐఓ ఆ పని చేయట్లేదని ఆవిడ ల్యాబ్ ఎప్పుడో చూపించింది. ఆవిడ బృందం మిగతావి కూడా ఒక్కొక్కటిగా సరిచూస్తే, వందకు పైగా "కొత్త" ఫలితాలు అప్పటికే డేటాబేస్‌లో ఉన్నవేనని తేలింది, ఆ బ్యాక్టీరియాలో జరిగే వీలే లేని పనులు కూడా కొన్ని దొరికాయి. మోడల్ ఎంత కొత్తదైనా మళ్లీ వచ్చింది ఆ ఇంటిపేరు దగ్గరికే. పైగా బ్లాస్ట్ అయితే ఏ ప్రొటీన్‌ని చూసి ఆ మాట అన్నదో చెప్తుంది, వెళ్లి చూసుకోవచ్చు. మోడల్ తన నమ్మకం ఎంతో చెప్తూ ఇచ్చే 0.87 లాంటి అంకె వెనక ఎవరున్నారో మనం వెతుక్కోలేం.

అందుకే నా దగ్గరికి వచ్చే పిల్లలకి చెప్పేది ఇంతే. ఫైల్‌లో డిస్క్రిప్షన్ పక్కన ఇంకొన్ని కాలమ్‌లు ఉంచండి: ఏ ప్రొటీన్‌తో పోలిక, అది ఏ జీవిది, పోలిక ఎన్ని అక్షరాల మేర ఉంది, దానికి ఆ పని ప్రయోగంలో తేలిందా లేక దానికీ ఎవరో అంటించారా. ఇ-వాల్యూ (అలాంటి పోలిక ఊరికే కాకతాళీయంగా ఎన్ని దొరకొచ్చో చెప్పే అంకె) ఒక్కటే చూసి ఆగిపోకండి. డేటాబేస్ ఎంత పెద్దదన్న దాన్ని బట్టి అది మారుతుంది, పైగా ప్రొటీన్‌లో ఒక మూల ఉన్న చిన్న డొమైన్ (ప్రొటీన్‌లో ఒక విడి భాగం) కలిసినా అంకె బ్రహ్మాండంగా కనపడుతుంది. మొక్క డేటాలో "గుండె అభివృద్ధి", "నాడీకణాల పెరుగుదల" లాంటి మాటలు కనపడితే నవ్వుకుని వదిలేయకుండా, ఎగ్‌నాగ్ మ్యాపర్‌లో మొక్కల వరకే పరిమితం చేసి మళ్లీ నడపండి. కంది మీద పని చేస్తుంటే వరి, అరాబిడాప్సిస్‌తో పాటు సోయాతో కూడా పోల్చండి, అది కందికి చాలా దగ్గరిది. ఏదైనా జన్యువు మీద ఏడాది శ్రమ పెట్టబోతున్నారంటే ముందు ఒక పూట కూర్చుని, ఆ పేరు మొదట ఏ పేపర్‌లో ఏ ప్రయోగం వల్ల పుట్టిందో అక్కడిదాకా వెళ్లి చదవండి. ఆ ప్రయోగం దొరకకపోతే థీసిస్‌లో ఆ జన్యువు కుటుంబం పేరు వరకే రాసి ఆపేయండి, గైడ్ అడిగితే ఎందుకు ఆపారో చెప్పండి.